తంబురను మింగేసిన మైకు: వెబ్ ఆడియో అనలైజర్ నోడ్‌పై నా సమీక్ష

నా కోపం అనలైజర్ నోడ్ మీద, అంటే వచ్చే శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టి చూపే బ్రౌజర్ పనిముట్టు మీద కాదు, దానికి శబ్దాన్ని అందించే దారి మీద. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం. పాడుతుండగానే ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో తెర మీద నిలువు పట్టీలుగా చూపించే ప్రోగ్రాం రాయడానికి బ్రౌజర్ కన్నా సులువైన చోటు నాకు కనిపించలేదు. శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడదీసే ఫూరియర్ గణితమంతా నోడ్ చూసుకుంటుంది. మనం ప్రతి ఫ్రేముకూ 0 నుంచి 255 దాకా ఉండే అంకెల వరుసను అడిగి తెచ్చుకుని, కాన్వాస్ మీద గీయడమే. పాతిక లైన్లలో పని అయిపోతుంది. మా అమ్మ ఇంట్లో పిల్లలకు సంగీతం చెబుతుంది. ఆ పాఠాల కోసమే పాత ల్యాప్‌టాప్‌లో చాలాకాలంగా దీన్ని నడుపుతున్నాను.

పిల్లల గొంతులకు పట్టీలు మొదటి నుంచీ చక్కగానే లేచాయి. ఎలక్ట్రానిక్ తంబుర పెట్టినప్పుడే వచ్చింది తంటా. మీట నొక్కగానే తెర నిండా వెలుగు. కొద్ది సెకన్లకే ఒక్కో పట్టీ కుంగిపోయి అడుగుకు చేరేది. చెవికి మాత్రం తంబుర నిండుగా వినిపిస్తూనే ఉండేది. ఆపి మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే తంతు. "గొంతు కనిపిస్తోంది సరే, శ్రుతి ఏదిరా?" అని అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. మైకు మార్చాను, తంబురను దగ్గరకు జరిపాను, చివరకు దాని స్పీకర్‌ను కూడా అనుమానించాను. అసలు దోషి బ్రౌజర్ మైకుకు తగిలించే నాయిస్ సప్రెషన్, అంటే రొదను అణచే ఏర్పాటు. ఫోను సంభాషణల కోసం చేసిన ఏర్పాటు అది. మారుతూ పోయేది మాట, ఒకే తీరున మోగేది ఫ్యాను రొద అని దాని లెక్క. ఆ లెక్కలో తంబురను మించిన ఫ్యాను ఏముంటుంది? శ్రుతి తప్పకుండా నిలబడటమే దాని నేరమైపోయింది!

దీనికి తోడు మరో ఇద్దరున్నారు. ఆటో గెయిన్ కంట్రోల్ మెల్లగా పాడినా గట్టిగా పాడినా ఒకే ఎత్తుకు లాగుతుంది. ఎకో క్యాన్సిలేషన్ ల్యాప్‌టాప్ స్పీకర్‌లోంచి వచ్చే స్వరాన్ని తుడిచేయాలని చూస్తుంది. చాలా బ్రౌజర్లలో ఇవి మనం అడగకుండానే పనిచేస్తుంటాయి. మైకు అనుమతి కోరేటప్పుడే మూడింటికీ ఫాల్స్ (వద్దు) అని రాయాలి. రాసి ఊరుకున్నా చాలదు, అది బ్రౌజర్‌కు వినతి మాత్రమే. మైకు నుంచి వచ్చే శబ్దధార (ట్రాక్) మీద, ప్రస్తుత అమరికలు చెప్పే గెట్‌సెట్టింగ్స్ పిలిచి నిజంగా ఆగాయో లేదో చూసుకోవాలి.

ఆగాక కనిపించినదాన్ని మాత్రం ఎంత పొగిడినా నాకు తనివి తీరదు. మా తంబుర అయిదు శ్రుతికి ఉంటుంది, అంటే మంద్ర షడ్జం సుమారు 98 హెర్ట్జ్. తెర మీద 98, 196, 294 అంటూ వరుసగా పట్టీలు, వాటిలో 490 దగ్గర ఒకటి. షడ్జానికి సరిగ్గా అయిదు రెట్లు, అంతర గాంధారం. ఏ తీగనూ గాంధారానికి శ్రుతి చేయకపోయినా తంబురలో అది పలుకుతుందని అమ్మ ఎప్పటినుంచో చెబుతోంది. పిల్లలు తలూపేవారే తప్ప నమ్మినట్టు ఉండేవారు కాదు. ఇప్పుడు ఆ పట్టీ మీద వేలు పెట్టి చూపిస్తోంది.

పాతిక లైన్లన్నాను కదా, ఇప్పుడవి చాలా పెరిగాయి. ఎఫ్‌ఎఫ్‌టీ సైజు, అంటే నోడ్ ఒక్కో లెక్కకు తీసుకునే శబ్ద నమూనాల సంఖ్య, మనం మార్చకపోతే 2048. సెకనుకు 48,000 నమూనాలు తీసుకునే మైకుతో ఒక్కో పట్టీ వాటాకు 23 హెర్ట్జ్‌కు పైగా వస్తుంది. మా శ్రుతిలో మధ్య షడ్జానికీ శుద్ధ రిషభానికీ తేడా సుమారు 12, 13 హెర్ట్జ్ మాత్రమే, ఇక వాటిని విడదీసేదెలా? 16384కు పెంచితే ఒక్కో పట్టీకి 3 హెర్ట్జ్ లోపే, కానీ ప్రతి బొమ్మలోనూ సెకనులో మూడో వంతు పాట కలిసిపోయి గమకం ముద్దవుతుంది. ఇది గణితం పెట్టే షరతు, నోడ్‌ను నిందించలేను. పట్టీలు అదరకుండా పాత విలువను కొత్తదానితో కలిపే స్మూతింగ్ సంగతి అలా కాదు. మామూలుగా 0.8 ఉండే ఆ విలువ కాలాన్ని బట్టి కాక, మనం అంకెలు అడిగినన్నిసార్లు పనిచేస్తుంది. శబ్దం ఆగాక అంకెలు అడిగిన ప్రతిసారీ పట్టీ దాదాపు 2 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి తెరను సెకనుకు 60 సార్లు గీసే ల్యాప్‌టాప్‌లో నెమ్మదిగా దిగే పట్టీలు 120 సార్లు గీసే ఫోనులో రెట్టింపు వేగంతో పడిపోతాయి. దాన్ని సున్నా చేసి, గడియారం చూసి దించే పద్ధతి నేనే రాసుకున్నాను.

ఒక గొంతు, ఒక తంబుర ఉండే మా గదికి ఇది సరిపోయింది. గమకాలు చూడాలనుకునేవారికి పట్టీలు సరిపోవు. అదే నోడ్ ఇచ్చే ముడి తరంగాన్ని తీసుకుని, ఆటోకోరిలేషన్‌తో (తరంగం ఎంతసేపటికోసారి తిరిగి వస్తుందో పోల్చి చూసే పద్ధతితో) శ్రుతి లెక్కగట్టి గీత గీయడం నయం, నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను. మృదంగంతో కలిపి కచేరీకి పెడతామంటే మాత్రం తొందరపడి సిఫారసు చేయలేను. అమ్మయితే వర్ణం మొదలుపెట్టగానే ల్యాప్‌టాప్ మూయించేస్తుంది, పిల్లలు తెర చూస్తూ తాళం వదిలేస్తున్నారట.