కాన్ఫరెన్స్‌కి ఎవరి డబ్బుతో వెళ్తే మేలు?

నేను టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ప్లేనో దగ్గర ఒక స్కూల్లో లైబ్రరీ ఎయిడ్‌ని, అంటే లైబ్రేరియన్‌కి సహాయకురాలిలాంటి పని, గంటల లెక్కన జీతం. టెక్సాస్ లైబ్రరీ అసోసియేషన్ వార్షిక సభలు (కాన్ఫరెన్స్) దగ్గరపడితే చాలు, మా లైబ్రేరియనూ నేనూ లెక్కలు మొదలుపెడతాం. సభలు ఏటా ఊరు మారతాయి. 2025లో డాలస్‌లో పెట్టారు కాబట్టి పొద్దున్నే డార్ట్ (డాలస్ లోకల్) రైలెక్కి వెళ్లి, రాత్రికి ఇంటికొచ్చేశాం. అదే అంతకుముందు ఏడు శాన్ ఆంటోనియో అంటే హోటల్ ఖర్చు చూసే ఆగిపోయాం.

స్కూల్ డబ్బు అడగడం మొదటి దారి. 2015 నాటి ఫెడరల్ విద్యాచట్టంలో టైటిల్ టూ, పార్ట్ ఏ అనే భాగం కింద స్టాఫ్ శిక్షణకి స్కూల్ డిస్ట్రిక్ట్‌లకి సొమ్ము వస్తుంది. అందులో స్కూల్ లైబ్రరీల ఊసు కూడా ఉంది. "అది టీచర్లకే కదా" అనే ప్రిన్సిపాల్‌కి ఆ మాట చూపించాలి. ఇక చిక్కంతా రసీదులతోనే. ఫీజు వాళ్లే కట్టినా హోటలూ తిండీ ముందు మన కార్డు మీదే. ఒకసారి భోజనానికి కార్డు స్లిప్ జతచేస్తే, ఏం తిన్నానో విడివిడిగా ఉన్న బిల్లు కావాలని తిప్పి పంపారు. పద్దెనిమిది డాలర్లు పోయినట్టే! హోటల్లో రాష్ట్ర పన్ను మినహాయింపు ఫారం కూడా దిగేటప్పుడే ఇచ్చేయాలి. 6 శాతం తగ్గుతుంది, సిటీ పన్ను మాత్రం తప్పదు.

అసోసియేషన్ల సాయం ఇంకో దారి. ఫ్రాన్సిస్ హెన్నె అవార్డు అని ఒకటుంది. అనుభవం ఐదేళ్లు దాటని స్కూల్ లైబ్రేరియన్ మొదటిసారి జాతీయ సభలకి వెళ్లడానికి 1,250 డాలర్లు ఇస్తూ వచ్చారు. కొత్తగా చేరిన లైబ్రేరియన్ అయితే కష్టపడి అప్లై చేయొచ్చు. నాలాంటి ఎయిడ్ సంగతి వాళ్లు ఆలోచించినట్టు లేరు.

స్కూల్లో పిల్లలకి పుస్తకాలమ్మే బుక్ ఫెయిర్‌లో మిగిలిన డబ్బు వాడుకోమని కొందరు సలహా ఇస్తారు. నాకు మనసొప్పదు. పిల్లలు జిప్‌లాక్ కవర్లో క్వార్టర్లు (పావు డాలర్ నాణేలు) తెచ్చి, నా టేబుల్ మీద గుమ్మరించి లెక్కపెట్టించుకున్న డబ్బది. పుస్తకాలకే పోవాలి.

సొంత ఖర్చయితే ఎవర్నీ అడగక్కర్లేదు, నిజమే. కానీ గంటల జీతం వాళ్లకి ఫీజుతో పాటు ఆ రోజుల జీతమూ పోతుంది. అందుకే నా ఓటు స్కూలుకే. డబ్బు పూర్తిగా ఇవ్వకపోయినా సరే, డ్యూటీ మీద పంపితే సగం భారం దిగినట్టే. డాలస్‌కి వెళ్లినప్పుడు ఫీజు నేనే కట్టుకున్నాను, రెండు రోజుల జీతం మాత్రం వచ్చింది. ఈసారీ అంతే, సెలవు ఫారంలో డ్యూటీ గడికి టిక్ పడ్డాకే రిజిస్ట్రేషన్ చేశాను.