బార్బరెస్కో యాత్ర: ఒకే ద్రాక్ష, తొమ్మిది తోటలు

ఇటలీలో ఎర్ర వైన్ కోసం వెళ్లేవాళ్లలో ఎక్కువమంది బరోలో అనే ఊరి దారే పడతారు. అక్కడి కోట, అందులోని వైన్ మ్యూజియం, వీధి పొడవునా దుకాణాలు చూడదగ్గవే. కానీ ఒకే తోట పండుతో చేసిన వైన్‌కీ పది తోటలది కలిపి చేసినదానికీ తేడా ఏమిటో నాలుకకు తెలియాలంటే, ఆల్బా ఊరు నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు ఇటువైపు వచ్చి, తనారో నది మీదికి వంగి ఉన్న బార్బరెస్కోలో దిగడం మేలు. అందుకు కారణం అక్కడి రైతుల సొసైటీ.

దాని పేరు ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో. ఆల్బా వైన్ విద్యాలయం అధిపతి దొమీత్సియో కవాత్సా 1894లో మొదటిసారి ఇక్కడ రైతులను కలిపి ఉమ్మడి వైనరీ పెట్టాడు. ఫాసిస్టుల కాలంలో అది మూతపడింది. 1958లో ఊరి పాదిరి దోన్ ఫియొరీనో మరెంగో 19 మంది చిన్న రైతులతో మళ్లీ నిలబెట్టాడు. మొదటి మూడేళ్ల వైన్ చర్చి నేలమాళిగలోనే తయారైంది. ఇప్పుడు సభ్యులు యాభైకి పైనే. పాల సొసైటీలో వెన్న శాతం చూసి ధర కట్టినట్టే ఇక్కడ పండు నాణ్యత చూసి కడతారు. ఊరి పేరే పెట్టుకున్న బార్బరెస్కో వైన్‌ను చేసేది నెబ్బియోలో అనే ఒక్క రకం ద్రాక్షతోనే. సభ్యుడు తన నెబ్బియోలో ద్రాక్ష మొత్తం సొసైటీకే పోయాలి. మంచి పండు ఇంట్లో దాచుకుని నాసిది తెచ్చి పోసే వీలు లేదు. చాలాచోట్ల సహకార వైన్ పలచబడేది సరిగ్గా అక్కడే.

ఇక తోటలు. ఆసిలీ, రబయా, పోరా, మోంతెస్తెఫనో, మోంతెఫీకో, ఒవెల్లో, పాయే, రియో సోర్దో, ముంకగోతా: ఈ తొమ్మిదింటి పండును మంచి ఏడాదుల్లో విడివిడిగా రిసెర్వాగా, అంటే ఎక్కువ కాలం నిల్వ ఉంచి అమ్మే వైన్‌గా, సీసాల్లో నింపుతారు. ఇలా తోట పేరుతో నింపడం 1967లో మొదలైంది. వాతావరణం కలిసిరాని ఏడాది ఆ పండంతా మామూలు బార్బరెస్కోలో కలిసిపోతుంది. అందుకే అలాంటి ఏడాది మామూలు సీసా తీసిపారేయదగ్గది కాదు. తొమ్మిదింటికీ ద్రాక్ష ఒకటే, చేసే చెయ్యీ ఒకటే, నిల్వ ఉంచే పెద్ద ఓక్ పీపాలూ ఒకే తరహావి. మారేది నేలా, ఎండ పడే తీరూ మాత్రమే. సీసా వెనక లేబుల్ చదవండి. ఆ తోట రైతుల పేర్లు అచ్చువేసి ఉంటాయి.

చట్టం లెక్క కూడా తెలిసుంటే కొనేటప్పుడు పనికొస్తుంది. బార్బరెస్కో కనీసం 26 నెలలు ఆగాలి, అందులో 9 నెలలు చెక్కలో. రిసెర్వా అయితే 50 నెలలు. బరోలో వైన్‌కి అదే 38, దాని రిసెర్వాకి 62. ఈ నెలలు పంట ఏడాది నవంబర్ 1 నుంచి లెక్క.

రుచి చూడటానికి నేరుగా వెళ్లి తలుపు కొట్టొద్దు. కొన్ని వారాల ముందే మెయిల్ రాసి, ఆ రోజు ఏ రిసెర్వాలు తెరుస్తారో అడగండి. మామూలు సీసా ఒక్కటే రుచి చూసి వచ్చేస్తే ఇంత దూరం వెళ్లి సగమే చూసినట్టు. ఒకే ఏడాది పోరా, మోంతెస్తెఫనో పక్కపక్కన దొరికితే ఇంకేమీ అక్కర్లేదు. గ్లాసును తెల్ల కాగితం మీదికి వంచి చూడండి. రంగు పలచగా, అంచు ఇటుక చాయలో కనిపిస్తుంది. నీళ్లు కలిపారేమో అనిపించేంత పలచన. నెబ్బియోలో తీరే అంత, రంగు చూసి తక్కువ అంచనా వేస్తే మొదటి గుక్కలోనే బుద్ధి వస్తుంది. పోరా నదికి దగ్గరగా దిగువన, వెచ్చటి చోట ఉంటుంది కాబట్టి కాస్త ముందే మెత్తబడుతుంది. దక్షిణం వైపు ఎండకు నిలబడ్డ మోంతెస్తెఫనో చిగుళ్లను పట్టేస్తుంది, పచ్చి నేరేడు కొరికినంత వగరు. దాన్ని ముందు తాగితే పోరా చప్పగా అనిపిస్తుంది కాబట్టి వరస మార్చొద్దు. వైన్‌ను ఉమ్మేయడానికి పాత్ర పెడతారు, మొహమాటపడకుండా వాడండి. ఆ రోజుకి అత్తరు, సెంటు మానేయడం పక్కవాళ్లకి మీరు చేసే ఉపకారం.

సొసైటీలో సమయం దొరక్కపోతే ఊళ్లోనే ఒకప్పటి సాన్ దొనాతో చర్చిలో ప్రాంతీయ వైన్ భాండాగారం ఉంది. చాలామంది తయారీదారుల వైన్లు అక్కడ గ్లాసు లెక్కన పోస్తారు. మొదటి పూటకి ఇది సొసైటీ కంటే కూడా సులువు.

రుచి చూసిన పూటే తోటలకి నడవండి. ఊరి దక్షిణం వైపు దారి పట్టుకుంటే అరగంటలోపే ఆసిలీ, దాని పక్కన రబయా. ఆ రెండింటి కింద గిన్నెలా ఒంపు తిరిగి ఉన్నది మర్తినెంగా, మొత్తం మార్కేసి ది గ్రేసీ అనే ఒక్క యజమానిది. రబయా వైపు పండుతో కాంప్ గ్రోస్, ఆసిలీ వైపు పండుతో గయూన్ అని వాళ్లు వేర్వేరు సీసాలు నింపుతారు. ఒకే తోటలో కూడా నేల రెండు మాటలు చెబుతుందనడానికి ఇంతకంటే రుజువు వేరే అక్కర్లేదు. తోటలకి కంచెలు ఉండవు, అలాగని సాళ్ల మధ్యకి దిగొద్దు, పండు తెంపొద్దు. నేల సున్నపు మన్ను, వానపడితే బూటుకి ముద్దలా అంటుకుంటుంది.

ఊళ్లో సొసైటీ ఉన్న వీధిలోనే గాయా అనే వైన్ సంస్థ ఉంది. 1967 నుంచి వస్తున్న సోరీ సాన్ లొరెంత్సో, ఆ తర్వాత సోరీ తిల్దిన్, కోస్తా రూస్సి వాళ్ల ఒంటి తోట వైన్లు. సోరీ అంటే ఎండ బాగా పడే వాలు. 1996 పంట నుంచి వీటిని బార్బరెస్కో అనడం మానేసి, చుట్టుపక్కల ప్రాంతమంతటికీ వాడే లాంగే పేరుతో అమ్మారు. 2013 పంటతో మళ్లీ పాత పేరుకి వచ్చారు. సీసా వందల యూరోలు, చూడటానికి ముందస్తు అనుమతి, సేవా సంస్థకి విరాళం కావాలి. వైన్ గొప్పదే. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మాత్రం ఆ డబ్బుతో సొసైటీ రిసెర్వాలు నాలుగైదు కొనుక్కుంటే లాభం.

బస ఎక్కడ? కారు లేకపోతే ఆల్బా. టొరినో నుంచి రైలు నేరుగా వస్తుంది, రాత్రి తిండికి ఇబ్బంది ఉండదు. వైన్ తాగి నడిచి గదికి చేరాలంటే బార్బరెస్కోలోనే ఉండాలి, గదులు తక్కువ కాబట్టి ముందే పట్టుకోవాలి. తోటల మధ్య రైతు ఇళ్లలో ఇచ్చే అగ్రితురిస్మో గదులు ఉదయం పూట అద్భుతం, రాత్రి మాత్రం చిక్కు. టాక్సీలు కొద్ది, బస్సులు అరుదు, ఆదివారం వాటి మీద ఆశ పెట్టుకోకండి. మనిషికి రాత్రికి ఇంతని ఊరి పన్ను విడిగా కట్టాలి. అక్టోబర్, నవంబర్‌లో ఆల్బా తెల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగు లాంటిది) సంత వల్ల గదుల ధరలు ఎగబాకుతాయి. సెప్టెంబర్ చివర నుంచి కోత కాబట్టి తయారీదారులకి తీరిక ఉండదు. మే, జూన్ నెలలే హాయి. ఆగస్టు మధ్యలో సగం ఊరు సెలవు.

కారు తీసుకుంటే మన లైసెన్స్‌తో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములు దాటకూడదు, లైసెన్స్ వచ్చి మూడేళ్లు నిండనివాళ్లకి అసలు సున్నా. బయటి కార్లకి అనుమతి లేని ఆల్బా పాత ఊళ్లోకి కారు పోనిస్తే కెమెరా పట్టేస్తుంది, జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది.

తిండి సంగతి. తయరీన్ అనే సన్నటి పసుపు నూడుల్స్‌లో గుడ్డు సొన దండిగా ఉంటుంది. మాంసం లేకుండా కావాలంటే "బుర్రో ఎ సాల్వియా" అనండి, వెన్న, సేజ్ ఆకుతో ఇస్తారు. ప్లిన్ అనే చిన్న మడతల్లో సాధారణంగా మాంసమే. బాన్యా కౌదా కూరగాయల వంటకంలా కనిపిస్తుంది గానీ అందులో చేప ఉంటుంది. గుడ్డు కూడా తిననివాళ్లకి భోజనశాలలు కష్టమే. మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు కట్టేస్తారు.

కొనే ముందు లెక్క చూసుకోండి. మన దేశానికి ఒక్కొక్కరు 2 లీటర్ల మద్యం సుంకం లేకుండా తేవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే దీనిలో పడతాయి, మూడోది పెడితే 2.25 లీటర్లవుతుంది. సీసాలు చెక్-ఇన్ సామాన్లోనే వెళ్లాలి. వేసవిలో కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం వదిలేసినా వేడికి బిరడా పైకి తోసుకొస్తుంది, వైన్ ఉడికిన పండు వాసన వేస్తుంది.

ఇంటికొచ్చాక మడ్డి దిగేలా సీసాను ఒక రోజు నిలబెట్టి ఉంచండి. మన గదుల వేడి దానికి పడదు, 16 నుంచి 18 డిగ్రీలకి వచ్చేదాకా ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. వయసు తక్కువ వైన్‌ను గంట ముందే వెడల్పు జగ్గులోకి వంచండి. ఆ పూట వేటమాంసం వండితే మిరియాలతో వండండి. పచ్చిమిర్చి కారం పడితే వగరూ ఆల్కహాల్ మంటా కలిసి నోరు మండుతుంది, తాగుతున్నది ఆసిలీయో పోరానో తెలియదు.