పాలమూరు చెలకల మీద చలికాలపు ఎగిరే రోజులు

గత డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా, పారామోటార్ మీద, అంటే ఇంజను కట్టిన గుడ్డ రెక్కతో ఎగరడానికి, నేను నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు ఐదుసార్లు వెళ్లి వచ్చాను. ఐదింటిలో గాలిలోకి లేచింది మూడుసార్లే. మిగిలిన రెండుసార్లు తెల్లవారకముందే మైదానానికి చేరి, రెండు గంటలు చలిలో నిలబడి, చాయ్ తాగి వెనక్కి వచ్చాను. ఆ రెండు ప్రయాణాలూ దండుగ అని మా ఇంట్లో అన్నారు గాని, అక్కడ ఎగరేసే బృందం మీద నాకు గురి కుదిరింది సరిగ్గా ఆ రెండు ఉదయాల్లోనే. ఎగరాలని అటు వెళ్లేవారికి పనికొస్తుందని, చూసిన చోట్ల గురించీ దిగిన గదుల గురించీ నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

నల్లగొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరు చేరడానికి మాకు సుమారు నాలుగు గంటలు పట్టింది. హైదరాబాద్ నుంచి వచ్చేవారికి ఇంకా సులువు. 44వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల దాకా వచ్చి కుడివైపు తిరిగితే చాలు, కాచిగూడ నుంచి రైళ్లూ ఉన్నాయి. మేము వెళ్లిన మైదానం పట్టణం దాటాక, రాయచూరు దారికి కొంచెం లోపలగా, బీడు పెట్టిన ఎర్ర చెలకలో ఉంది. అక్కడికి మన్యంకొండ గుట్ట కనిపిస్తూ ఉంటుంది. దేవరకద్ర దగ్గర విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదనను ఏళ్లుగా వింటున్నాం. అది ఎప్పటికి వస్తుందో గాని, ఈ చెలకలు మాత్రం చలికాలమంతా చిన్న ఎగురుడులకు సిద్ధంగా ఉంటున్నాయి. 2021 జనవరిలో మహబూబ్‌నగర్‌లో జాతీయ స్థాయి పారామోటార్ పోటీలు జరిగినప్పుడు చూసి వచ్చిన మా బావమరిది, అప్పటి నుంచీ "బావా, ఒక్కసారి పోదాం" అని అడుగుతూనే ఉన్నాడు. ఈసారి అతనే దగ్గరుండి నన్ను బయలుదేరదీశాడు.

పారామోటార్ చూడనివారి కోసం ఒక మాట. మూడు చక్రాల తేలికపాటి బండికి వెనుక పెట్రోలు ఇంజను, దానికొక పంకా, పైన నైలాన్ గుడ్డతో కుట్టిన పొడవాటి రెక్క ఉంటాయి. ఇంజను బండిని ముందుకు నెడితే, రెక్క లోపలి అరల్లోకి గాలి దూరి అది బిగుసుకుని లేస్తుంది. ముందు మనం, వెనుక పైలట్. గ్లైడర్ వేరు. దానికి ఇంజను ఉండదు. నేల మీది విన్చ్ యంత్రం పొడవాటి తీగతో లాగి గాలిలోకి ఎత్తి వదిలేస్తే, అక్కడి నుంచి పైకి లేచే గాలిని వెతుక్కుంటూ తిరగడమే దాని పని. ఈ రెండింటినీ ఒకే గాట కట్టేవారు చాలామంది ఉన్నారు. వీటికి కావలసిన గాలి మాత్రం పూర్తిగా భిన్నమైనది.

ఆ తేడా నాకు మొదట తెలిసింది పుణె దగ్గరి హడప్సర్‌లో. 1950లో మొదలైన అక్కడి గ్లైడింగ్ కేంద్రానికి కొన్నేళ్ల కిందట ఒక డిసెంబరులో వెళ్లాను. పొద్దున్నే ఎగరవచ్చునని ఏడింటికే వెళ్లి కూర్చున్న నన్ను చూసి, ఎండ ముదరనివ్వండి అన్నారు. ఎండకు నేల వేడెక్కి, ఆ వేడికి గాలి బుడగలు బుడగలుగా పైకి లేవాలి. దానినే వాళ్లు థర్మల్ అంటారు. చలికాలంలో పదకొండు దాటితే గాని అది మొదలుకాదు, మూడున్నర తరువాత మెల్లగా చల్లబడుతుంది. గ్లైడర్ అద్దం మీద, పైలట్ కళ్లెదుట, జానెడు ఊలు దారం ఒకటి అంటించి ఉంది. ఎన్ని కొలత పరికరాలున్నా, గ్లైడర్ గాలికి ఏటవాలుగా జారుతున్నదా, నేరుగా సాగుతున్నదా అన్నది చెప్పేది ఆ దారమే. అది సరిగ్గా మధ్యలో నిలిచి వెనక్కి వాలి ఉన్నంతసేపు, చెవికి గాలి ఒరిపిడి తప్ప మరే చప్పుడూ వినిపించలేదు. మొత్తం ఏడెనిమిది నిమిషాలే ఎగిరి ఉంటాం. థర్మల్ దొరకని రోజున అంతకు మించి ఉండదని ముందే చెప్పారు, నేనూ ఒప్పుకునే ఎక్కాను.

పారామోటార్‌కు సరిగ్గా ఆ థర్మలే శత్రువు. గుడ్డ రెక్క కాబట్టి, మధ్యాహ్నం లేచే గాలి సుడుల్లో అది ఒక పక్క ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే వాళ్లు సూర్యోదయం తరువాతి రెండు గంటలు, అస్తమయానికి ముందరి రెండు గంటలు మాత్రమే ఎగురుతారు. పాలమూరులో జనవరి సూర్యోదయం ఆరూ యాభై ప్రాంతంలో అవుతుంది. అంటే ఆరున్నరకల్లా మైదానంలో ఉండాలి, ఐదింటికి నిద్ర లేవాలి. దిగవలసిన గది ఏదన్న ప్రశ్న అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. దాని సంగతి తరువాత చెబుతాను.

నాకు బాగా గుర్తున్నది జనవరి మూడో వారంలోని రెండో ఎగురుడు. మేము చేరేసరికి రెక్కను నేల మీద పరిచి ఉంచారు. రాత్రి కురిసిన మంచుకు గుడ్డ తడిసి ఉంటే, ఇద్దరు కుర్రవాళ్లు పాత పంచెతో అద్దుతూ ఆరబెడుతున్నారు. పైలట్ ఒక్కొక్క తాడునూ వేళ్ల మధ్య జార్చుకుంటూ కొస దాకా వెళ్లి, ఎక్కడైనా గడ్డిపరకో తుమ్మముల్లో చిక్కిందేమో చూసుకున్నాడు. ఒక ముల్లు నిజంగానే దొరికింది. దాన్ని తీసి జేబులో వేసుకున్నాడే గాని అక్కడ పారేయలేదు. ఆ తరువాత నా హెల్మెట్ పట్టీని తానే బిగించి, దానిలో రెండు వేళ్లు పెట్టి చూసి, "కింద చెప్పింది పైన మళ్లీ చెప్పను సార్, దిగేటప్పుడు కాళ్లు బండి మీదే ఉండాలి" అన్నాడు.

లేచిన అర నిమిషానికి చెలకలోని గుంతలు, గట్లు అన్నీ చదునైపోయాయి. పూత మీదున్న కంది చేలు పసుపుగా, ఏరడం అయిపోయిన పత్తి చేలు గోధుమ రంగులో, యాసంగి నారుమళ్లు చిన్న చిన్న ఆకుపచ్చ చదరాలుగా కనిపించాయి. చెరువుల మీద మాత్రం మంచు ఇంకా విడవలేదు. నన్ను కట్టిపడేసింది ఇవేవీ కావు, ఒక తండా మీది పొయ్యిల పొగ. పది పదిహేను పొగలు నిట్టనిలువుగా లేచి, అన్నీ ఒకే ఎత్తుకు చేరాక, ఏదో కనిపించని మూత అడ్డం పెట్టినట్టు అక్కడే ఆగి, అడ్డంగా పరుచుకుంటున్నాయి. పైలట్ ఆ పొగ పొరకు కొంచెం పైకి తీసుకువెళ్లాడు. అప్పటిదాకా కోస్తున్న చలి ఒక్కసారిగా తగ్గి, చెంపలకు వెచ్చదనం తగిలింది. మామూలుగా పైకి పోయినకొద్దీ గాలి చల్లబడుతుంది. చలికాలపు రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేసుకుని ముందుగా చల్లారుతుంది కాబట్టి, తెల్లవారే వేళకు చల్లగాలి అడుగున, వెచ్చని గాలి పైన ఉంటుంది. ఆ అమరిక ఉన్నంతసేపు గాలి కదలదు, రెక్క ఊగదు. పుస్తకంలో చదువుకున్న ఈ సంగతి చెంపకు తగలడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ పొర చెదిరే వేళకు మనం నేల మీద ఉండాలన్నదే వాళ్ల నియమం.

ఇక ఎగరని ఉదయాలు. మొదటిసారి పొగమంచు పట్టి, మైదానం అంచున ఉన్న వేపచెట్టు కూడా కనిపించలేదు. ఎనిమిదింటికి మంచు విడిచింది గాని, అప్పటికే ఎండ కాస్తున్నది కనుక ఇక ఎగరడం కుదరదన్నారు. రెండోసారి ఆకాశం అద్దంలా ఉంది. గాలి జోరును, దిక్కును చూపే గాలిసంచి కూడా సగం వాలే ఉంది. మా పక్క చెలకలో గొర్లు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "ఏం సారూ, ఎగరనీకొచ్చిండ్రా? అగో ఆ బాట మీద దుమ్ము జూడుండ్రి, గాలి మళ్లింది" అన్నాడు. పైలట్ అటు చూసి, చేతిలోని గాలివేగం కొలిచే పరికరాన్ని ఎత్తి పట్టుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. గాలి గంటకు పది కిలోమీటర్ల నుంచి ఇరవై దాకా ఎగసిపడుతున్నది. ఈ పూట లేదని చెప్పి, మేము అడగకముందే కట్టిన డబ్బు వాపసు ఇస్తానన్నాడు. కావాలంటే మరో రోజుకు మార్చుకోమన్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం గట్టిగానే నిలదీసింది. అతను గొంతు పెంచలేదు, మాటా మార్చలేదు.

దీనికి సరిగ్గా విరుద్ధమైన అనుభవం కూడా నాకుంది. కిందటేడాది మరొక చోట, పేరు చెప్పను, ముందుగా పూర్తి డబ్బు కట్టించుకున్న నిర్వాహకులు పదకొండున్నరకు, ఎండ మాడుతుండగా జనాన్ని ఎక్కించడం చూశాను. నా ముందు వెళ్లినాయన దిగేటప్పుడు బండి రెండుసార్లు ఎగిరిపడింది. నేను ఎక్కనన్నాను. టికెట్టు మీద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని చూపించి డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఎక్కనందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. కాబట్టి ఎవరైనా నన్ను అడిగితే, ఎంత ఎత్తుకు తీసుకువెళతారు, వీడియో ఇస్తారా అని కాకుండా, గాలి బాగాలేకపోతే ఏం చేస్తారు అని ముందు అడగమంటాను. జవాబు తడుముకుంటే అక్కడి నుంచి కదలడమే మంచిది.

దిగే చోటుకు వస్తే, మొదటిసారి కోయిల్‌సాగర్ వైపు నీటి ఒడ్డున ఉన్న ఒక ప్రైవేటు విడిదిలో దిగాం. సాయంత్రం ఆ నీటి మీద ఎండ వాలడం చూస్తే మళ్లీ రావాలనిపించే చోటు, అందులో సందేహం లేదు. భోజనంలో జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు పెట్టారు. ఆ పచ్చిపులుసు ఇంటి రుచికి తీసిపోలేదు. అయితే రాత్రి పన్నెండు దాకా పక్క పచ్చికలో పుట్టినరోజు పాటలు మోగాయి. ఐదున్నరకు బయలుదేరితే గేటుకు తాళం, కాపలా మనిషి నిద్ర. అతన్ని లేపి తాళం తీయించేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. విశ్రాంతికి వెళ్లేవారికి అది మంచి విడిదే గాని, తెల్లవారుజామున పని ఉన్నవారికి పనికిరాదు.

తరువాతి నాలుగుసార్లూ పట్టణంలో, బస్టాండుకు దగ్గరి ఒక మామూలు లాడ్జిలో ఉన్నాం. గది ఇరుకు, కిటికీ తెరిస్తే పక్క గోడ. అయినా ఐదింటికి వేడినీళ్లు వచ్చాయి, దుప్పట్లు ఉతికినవి ఇచ్చారు, రాత్రి కావలి కాసే పెద్దమనిషి చెప్పిన వేళకు తలుపు తట్టాడు. బస్టాండు ఎదుట నాలుగున్నరకే చాయ్ కాచే బండి ఉంది. నా దృష్టిలో ఎగిరే రోజుకు కావలసినది ఇంతే. మధ్యాహ్నపు ఖాళీలో ఒకసారి మన్యంకొండ ఎక్కి స్వామి దర్శనం చేసుకున్నాం. గుట్ట పైనుంచి చూస్తే, బండల మీద ఎండ పడే వైపున గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతున్నాయి. హడప్సర్‌లో నేను ఏడు నిమిషాలు వెతికినా దొరకనిదాన్ని అవి ఇక్కడ అలవోకగా పట్టుకున్నాయి. నల్లరాతి గుట్టలు, ఎర్ర చెలకలు త్వరగా వేడెక్కే నేలలు. గ్లైడర్ ఎగరడానికి ఇంతకన్నా అనువైన నేల ఎక్కడుంటుందని ఆ గద్దలను చూస్తూ అనుకున్నాను.

ఒక తిరుగు ప్రయాణంలో నాగార్జునసాగర్ వైపు మళ్లాం. జలాశయం ఒడ్డునున్న హరిత విజయ విహార్‌లో ఒక రాత్రి గడిపి, బుద్ధవనం చూశాం. గదులు విశాలంగా ఉన్నాయి, నీటి వైపు వరండా మా బావమరిదికి ఎంతో నచ్చింది. దక్షిణపు ఒడ్డున, విజయపురి సౌత్‌లో, విమానాలు నడపడం నేర్చుకునేవారి కోసం రన్‌వే ఉంది. సాగర్ మీద కూడా గ్లైడర్ పెడితే బాగుంటుంది కదా బావా అని అతను అడిగాడు. అంత నీటి మీద పగలంతా గాలి చల్లగా కిందికే దిగుతుంది. ఎత్తు చాలకపోతే దిగడానికి చెలక ఉండదు. చూడటానికి సాగర్, ఎగరడానికి పాలమూరు అని నేను చెప్పాను, ఇప్పటికీ అదే నా అభిప్రాయం.

వెళ్లేవారు సంక్రాంతి ముందరి వారం మాత్రం తప్పించుకోవాలి. పట్టణం చుట్టూ గాలిపటాలు ఎగురుతాయి, వాటి మాంజా ఇంజను పంకాకు గాని రెక్క తాళ్లకు గాని చుట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆ వారం రోజులూ వాళ్లు మైదానం మూసేసి, సామాను మరమ్మతు చేసుకున్నారు. ఆ పని చూడటానికి వెళ్లినా తప్పులేదు గాని, ఎగురుతామన్న ఆశతో వెళ్లవద్దు. మార్చి వచ్చిందంటే పొద్దున ఎనిమిదికే గాలి లేస్తుంది కాబట్టి, శివరాత్రి దాటాక అక్కడ ఎగరడం దాదాపు ఆపేస్తారు.

నవంబరు మూడో వారానికి నా పేరు, బావమరిది పేరు రాయించాను. లాడ్జిలో ఈసారి కిటికీ వీధి వైపున్న గది అడిగాను, అక్కడి నుంచైతే చాయ్ బండి దీపం కనిపిస్తుంది.