దుకాణానికి వెబ్‌సైటు: మనమే చేసుకోవాలా, డిజైనర్‌కి ఇవ్వాలా?

ధర్మవరంలో పట్టుచీరల దుకాణం, కర్నూలులో సోనామసూరి బియ్యం వ్యాపారం, బేతంచెర్లలో నాపరాళ్ల యూనిట్, గండికోట దారిలో నాలుగు గదుల బస. నలుగురికీ సైటు కావాలి, కానీ నలుగురి అవసరం వేరు. సైటు చూసినవాళ్లు ఫోన్ చేస్తే చాలు, వాట్సాప్‌లో ధర అడిగితే చాలు అనుకుంటే మీరే చేసుకోండి. సైటులోనే డబ్బు కట్టాలి, గది బుక్ కావాలి, అమ్ముడైన చీర జాబితాలోంచి దానంతటదే పోవాలి అంటే పని తెలిసినవాళ్లకు ఇవ్వండి. మన ఊళ్ల చుట్టుపక్కల ఉన్న చిన్న వ్యాపారాల్లో ఎక్కువ వాటికి మొదటిదే సరిపోతుంది. అలాంటివాళ్లు కూడా ముప్పై, నలభై వేలు పోసి సైటు చేయించి, రెండో ఏడు రెన్యూవల్ దగ్గర వదిలేయడం చూస్తే బాధగా ఉంటుంది.

ఎవరు చేసినా, సైటు కంటే ముందు గూగుల్ మ్యాప్‌లో దుకాణం సరిగా ఉందో లేదో చూసుకోండి. మ్యాప్‌లో దుకాణం వివరాలు చూపించే బిజినెస్ ప్రొఫైల్‌కి డబ్బు అక్కర్లేదు. దాంతోపాటు గూగుల్ ఇస్తూ వచ్చిన ఒక పేజీ ఉచిత సైటును మాత్రం 2024 మార్చిలో ఆపేశారు. విజిటింగ్ కార్డు మీద ఇంకా ఆ చిరునామానే ఉంటే తీసేయాలి. జిల్లా పేరు కూడా సరిచూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి, బనగానపల్లె, బేతంచెర్ల నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. మ్యాప్‌లో ఒకటి, సైటులో ఒకటి, జీఎస్టీ బిల్లు మీద మరొకటి ఉంటే కొనేవాళ్లకు అనుమానం వస్తుంది.

సొంతంగా చేసుకుంటే

ఖర్చు రెండు చోట్ల. ఒకటి డొమైన్, అంటే సైటు పేరు. డాట్ కామ్‌కి ఏడాదికి సుమారు వెయ్యి నుంచి పదిహేను వందలు, డాట్ ఇన్‌కి కాస్త తక్కువ, పైన 18 శాతం జీఎస్టీ. రెండోది హోస్టింగ్, అంటే సైటును ఇంటర్నెట్‌లో ఉంచడానికి అద్దెకు తీసుకునే చోటు. ప్రకటనలో ‘నెలకు నూట యాభై’ అని ఉంటే అది సాధారణంగా మూడు నాలుగేళ్ల డబ్బు ఒకేసారి కట్టేవాళ్లకు. గడువు తీరాక అదే ప్లాన్ రెండు మూడు రెట్లు కావచ్చు. కొనే పేజీలోనే ‘రెన్యూవల్’ ధర చిన్న అక్షరాల్లో ఉంటుంది. లెక్క వేయాల్సింది దాంతోనే.

పేరు ఎంచుకునేటప్పుడు ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా టైప్ చేయగలరా అని చూడండి. మధ్యలో గీతలు, అంకెలు వద్దు.

సైటు కట్టే దారులు రెండు. విక్స్, జోహో సైట్స్ లాంటి బిల్డర్‌లో బొమ్మలు, అక్షరాలు లాగి పెట్టుకుంటూ పోవచ్చు. హోస్టింగ్, భద్రత, అప్‌డేట్లు వాళ్లే చూసుకుంటారు. ఇబ్బంది ఏమిటంటే విక్స్‌లో కట్టిన సైటును విప్పి ఇంకో హోస్టింగ్‌కి తీసుకుపోలేరు, మారాలంటే మళ్లీ మొదట్నుంచీ కట్టాలి. రెండోది వర్డ్‌ప్రెస్, సైటు కట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. దీన్నైతే ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, కానీ దాని ఆలనాపాలనా మీదే. నెలకోసారి అప్‌డేట్లు, వారానికోసారి బ్యాకప్, అంటే సైటు నకలు దాచుకోవడం. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే ఉచిత ప్లగిన్‌తో (వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) బ్యాకప్ నేరుగా గూగుల్ డ్రైవ్‌కి పంపుకోవచ్చు. బ్యాకప్ హోస్టింగ్‌లోనే ఉంచితే ఆ ఖాతా ఆగిన రోజు బ్యాకప్ కూడా అందులోనే చిక్కుకుంటుంది.

డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్ (సైటు రూపానికి ముందే చేసి పెట్టిన అచ్చు) టెలిగ్రామ్‌లో ఉచితంగా దొరికిందని పెట్టుకోవద్దు. అలాంటి వాటిలో దొంగదారి కోడ్ దాచి ఉంచుతారు. కొన్ని నెలలకు మీ దుకాణం పేరు గూగుల్‌లో వెతికితే కింద జపనీస్ అక్షరాలతో ఏవేవో సరుకుల పేజీలు కనిపిస్తాయి. అంతదాకా వచ్చాక శుభ్రం చేయించడానికి అయ్యే ఖర్చుతో అసలు థీమ్ రెండుసార్లు కొనొచ్చు.

ఐదు పేజీల సైటుకు రోజుకు రెండు గంటల చొప్పున కూర్చుంటే రెండు మూడు వారాలు. అందులో సగానికి పైగా ఫొటోలు, ధరలు, రాతలు పోగేయడానికే పోతుంది. ఈ పని డిజైనర్‌కి ఇచ్చినా తప్పదు. ‘డిజైనర్ లేట్ చేశాడు’ అని చెప్పే సైట్లలో చాలావాటిలో ఆలస్యమైంది దుకాణం నుంచి వెళ్లాల్సిన వివరాలే.

ఫోన్‌తో తీసిన ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటుంది. ఇరవై చీరలు అలాగే ఎక్కిస్తే పల్లెలో మొబైల్ డేటా మీద పేజీ తెరుచుకోకముందే చూసేవాళ్లు వెళ్లిపోతారు. స్కూష్ అనే ఉచిత సాధనంలో వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ రకంలో దాచుకుంటే ఒక్కోటి 150 కేబీ దగ్గరికి వస్తుంది. చీరలను పగటి వెలుగులో, కిటికీ పక్కన తీయండి. పసుపు బల్బు కింద తీస్తే జరీ రంగు మారుతుంది, పార్సిల్ విప్పాక గొడవ అక్కడే మొదలవుతుంది. వాట్సాప్ లింకులో దేశం కోడ్ 91, వెంటనే పది అంకెల నంబరు ఉండాలి. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీ, ఏది ఉన్నా లింకు సరిగా పనిచేయకపోవచ్చు.

తెలుగు పేజీల దగ్గర ఇద్దరూ తడబడతారు

దీని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి డిజైనర్లు కూడా ఇక్కడ తప్పు చేస్తారు. మన ఊళ్లలో కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ సెంటర్లలో ఎక్కువగా వాడేది అను ఫాంట్లు. అవి యూనికోడ్ కావు, అంటే ఫోన్లూ బ్రౌజర్లూ అన్నీ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతిలో లేవు. ఆ ఫైల్‌లోంచి రాతను కాపీ చేసి సైటులో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. యూనికోడ్ కన్వర్టర్‌లో మార్చాలి. మార్చాక కూడా ఒత్తులు, అంకెలు ఒక్కో వాక్యం చదివి సరిచూడాలి. దానికి బద్ధకించి కరపత్రాన్నే ఫొటోగా పెట్టేస్తే గూగుల్ వెతుకులాటలో ఆ మాటలు దొరుకుతాయన్న నమ్మకం లేదు, ఫోన్‌లో చదవడానికీ కళ్లు చిట్లించాలి.

థీమ్‌లన్నీ ఇంగ్లీషు అక్షరాలను చూసి చేసినవి. శీర్షికలకు వరుసల ఎత్తు సాధారణంగా 1.2 దగ్గర ఉంటుంది. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. దాన్ని 1.6 నుంచి 1.8 చేయండి. అక్షరాల మధ్య ఎడం సున్నా ఉండాలి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లకు ఒకటే మందం ఉంది. వాటికి బోల్డ్ పెడితే బ్రౌజర్ తనే అక్షరాన్ని ఉబ్బిస్తుంది, సున్నాలూ గుడులూ పూడుకుపోతాయి. బోల్డ్ కావాలంటే నోటో సాన్స్ తెలుగు వాడండి, దానికి అన్ని మందాలూ ఉన్నాయి.

వర్డ్‌ప్రెస్‌లో పేజీకి తెలుగు పేరు పెడితే లింకులోకి కూడా తెలుగే వెళ్తుంది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులు, అంకెలతో నాలుగు వరుసలు వస్తుంది, చూసినవాళ్లు మోసం లింకు అనుకుంటారు. పేజీ పేరు తెలుగులోనే ఉంచి, పర్మాలింక్‌ను, అంటే లింకులో కనిపించే ఆ పేజీ చిరునామాను మాత్రం చిన్న ఇంగ్లీషు మాటకు మార్చండి. డిజైనర్‌కి ఇచ్చేటప్పుడు ఈ సంగతులన్నీ కాగితం మీద రాసి ఇవ్వడం మేలు.

డిజైనర్‌కి ఇవ్వాల్సిన పని

డబ్బు సైటులో చేతులు మారే చోట సొంత ప్రయోగాలు వద్దు. ఉదాహరణకు కొనేవాళ్లు యూపీఐ యాప్‌లో డబ్బు కట్టి, తిరిగి సైటుకు రాకుండా ఫోన్ జేబులో పెట్టేసుకున్నారనుకోండి. డబ్బు కట్ అవుతుంది, సైటులో ఆర్డర్ ‘పెండింగ్’ అని నిలిచిపోతుంది. గేట్‌వే (సైటు తరఫున డబ్బు వసూలు చేసే సంస్థ) నుంచి సైటుకు నేరుగా కబురు వెళ్లే వెబ్‌హుక్ పెట్టి ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. సొంతంగా పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. ధర్మవరం చీరల్లో చాలావరకు ఒక రంగుకు ఒకే పీసు ఉంటుంది. ఇద్దరు ఒకే నిమిషంలో కడితే ఎవరిది, రెండోవాళ్లకు డబ్బు ఎలా వెనక్కి వెళ్లాలి అన్నది ముందే తేల్చి కట్టాలి. బియ్యం అమ్మేవాళ్లకు 25 కిలోల బస్తాకు పిన్‌కోడ్ ప్రకారం రవాణా లెక్క కావాలి, లేకపోతే లాభమంతా పార్సిల్‌కే పోతుంది. బసలకైతే ఫోన్ బుకింగ్, వేరే యాప్‌లో బుకింగ్, సొంత సైటు మూడూ ఒకే క్యాలెండర్‌ను చూడాలి. ఐకాల్ అనే పద్ధతిలో కలిపితే తేదీలు వెంటనే మారవు, కొంత ఆలస్యం ఉంటుంది. పండగ సెలవుల్లో ఒకే గది ఇద్దరికి పోవడానికి ఆ కాస్త ఆలస్యం చాలు.

గేట్‌వే ఖాతా తెరవడానికి పాన్, బ్యాంకు వివరాలతో పాటు సైటులో నియమాలు, గోప్యత, వాపసు, డెలివరీ, సంప్రదింపు పేజీలు ఉండాలి. అవి లేకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు చూపించాలి. తినే సరుకు అయితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కూడా.

ఇక ధర. అదే ఐదు పేజీలకు పది వేల లోపు చెప్పేవాళ్లూ ఉంటారు, యాభై వేలు అడిగేవాళ్లూ ఉంటారు. తక్కువ చెప్పినవాళ్లు తయారు థీమ్‌లో మీ పేరు మార్చి ఇస్తారు. అది తప్పేమీ కాదు, అంతవరకే కొంటున్నామని మీకు తెలిసి ఉండాలి. ఎక్కువ అడిగినవాళ్లు రాతలు, ఫొటోలు, వేగం చూసుకుంటారా, జీఎస్టీ కలిపి చెబుతున్నారా, రెండో ఏటి నిర్వహణకు ఎంత, ఆ నిర్వహణలో ఏముంది అని అడిగి రాయించుకోండి. అడ్వాన్స్ మూడో వంతు, నమూనా చూపించాక మూడో వంతు, అప్పగించాక మిగతాది. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో కూడా రాయాలి.

కర్నూలువాళ్లు హైదరాబాద్ వైపు, అనంతపురంవాళ్లు బెంగళూరు వైపు చూడటం అలవాటు. మామూలు సైటుకు అంత దూరం పోనక్కర్లేదు. దుకాణానికి వచ్చి సరుకు చూసి ఫొటో తీసుకునే ఊరి మనిషే మేలు. బుకింగ్, చెల్లింపులు ఉంటే మాత్రం ఊరు పట్టించుకోకుండా అనుభవం చూడండి. రెండేళ్ల కిందట చేసిన మూడు సైట్లు అడగండి. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద తెరవండి. సైటు ఇంకా ఉందా, ‘సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక వస్తోందా, కింద సంవత్సరం పాతదే ఉండిపోయిందా అన్నవి చూస్తే వాళ్ల నిర్వహణ తెలిసిపోతుంది.

ఏ దారి పట్టినా డొమైన్ మీ పేరునే

ఇల్లు ఎవరు కట్టినా పట్టా మన పేరున ఉండాలి కదా, డొమైన్ కూడా అంతే. మీ మెయిల్, మీ ఫోన్ నంబరుతో మీరే కొనండి, పావుగంట పని. డిజైనర్ తన ఖాతాలో కొంటే, ఆ మనిషి ఉద్యోగం మారినా ఫోన్ ఎత్తకపోయినా రెన్యూవల్ సందేశం మీకు రాదు. డాట్ కామ్ గడువు తీరాక కొన్నాళ్లు మామూలు ధరకే తీసుకోవచ్చు. ఆ వెసులుబాటు కంపెనీని బట్టి ఉంటుంది, 45 రోజులు దాటదు. ఆ తర్వాత 30 రోజులు చాలా ఎక్కువ రుసుముతో, ఆపైన ఐదు రోజులకు ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇప్పటికే వేరేవాళ్ల ఖాతాలో ఉంటే మర్యాదగా ‘ఆథ్ కోడ్’ (డొమైన్ మార్పించుకోవడానికి కావాల్సిన రహస్య కోడ్) అడిగి మీ ఖాతాకి మార్పించుకోండి. డాట్ కామ్ కొని 60 రోజులు కాకుండా ఇంకో కంపెనీకి మారదు.

హోస్టింగ్ మారినప్పుడు డొమైన్‌లో నేమ్‌సర్వర్లు (పేరును హోస్టింగ్‌కి కలిపే చిరునామాలు) మార్చాల్సి రావచ్చు. మార్చే ముందు డీఎన్‌ఎస్ పేజీని, అంటే డొమైన్ ఖాతాలో ఆ వివరాలుండే పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అందులో మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ వరుసలు కొత్త చోట పెట్టకపోతే సైటు బాగానే కనిపిస్తుంది, దుకాణం మెయిల్ మాత్రం రావడం ఆగిపోతుంది. రెండు మూడు రోజులు ఎవరూ గమనించరు కూడా.

వ్యాపారం మధ్యస్థంగా ఉండి, రోజూ ధరలు మారే దుకాణాలకు మూడో దారి సరిగ్గా సరిపోతుంది. డొమైన్, హోస్టింగ్ మీరు కొనండి. కట్టడం డిజైనర్ చేత చేయించండి. ధర మార్చడం, ఫొటో ఎక్కించడం, బ్యాకప్ తీయడం మీ కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికో అబ్బాయికో రెండు గంటలు నేర్పించాలని ఒప్పందంలోనే రాయండి. నేర్పేటప్పుడు స్క్రీన్ రికార్డ్ చేసుకోండి.

చివరి విడత ఇచ్చే ముందు, సైటు ఎప్పుడూ చూడని ఒకరి ఫోన్ తీసుకుని రూపాయి సరుకు ఒకటి కొనిపించండి. డబ్బు కట్టగానే యాప్ మూసేయమనండి. ఆర్డర్ సందేశం మీకు వచ్చిందా, సరుకు లెక్క తగ్గిందా, ఆ రూపాయి వాపసు చేస్తే వాళ్ల ఖాతాకి చేరిందా చూసి, డొమైన్, హోస్టింగ్, వర్డ్‌ప్రెస్ పాస్‌వర్డ్‌లు మార్చుకున్నాక డబ్బు ఇవ్వండి.