కూర్మన్నపాలెంలో అద్దెకు దిగే ముందు

2013 నుంచి విశాఖ స్టీల్ ప్లాంటు పక్కనున్న కూర్మన్నపాలెం, వడ్లపూడి మధ్యే అద్దె ఇళ్లలో ఉంటున్నాం. విశాఖలో ఇల్లు అనగానే అందరూ ఎంవీపీ కాలనీ, మధురవాడ అంటారు. మా వైపు గురించి ఎవరైనా రాసినా "పొల్యూషన్, ట్రాఫిక్" అని రెండు మాటల్లో తేల్చేస్తారు. రెండూ నిజమే. మేడ మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు. కిటికీ గట్టు తుడిస్తే గుడ్డకి నల్లటి పొడి అంటుకుంటుంది. సాయంత్రం ఆరింటికి పాత గాజువాక జంక్షన్లో ఇరుక్కుంటే ఇక ఇంటికి ఫోన్ చేసి అన్నం తినేయమని చెప్పడమే. వీటికి అలవాటుపడేవాళ్లు ఉంటారు, పడనివాళ్లు ఏడాదిలో సర్దుకుని వెళ్లిపోతారు.

నా మటుకు నేను వేరే కొలత పెట్టుకున్నాను. ఒక పేట ఎలా ఉందో తెలియాలంటే అక్కడే పుట్టి పెరిగినవాణ్ణి అడిగి లాభం లేదు. నిన్న రైలు దిగిన, తెలుగు రాని మనిషికి అక్కడ పనులు ఎలా అవుతున్నాయో చూడాలి. అలా చూస్తే బజారుకి నూటికి తొంభై వేస్తాను, సర్కారు కౌంటర్లకి అరవై, ఇంటి ఓనర్లకి పాస్ మార్కులు కూడా కష్టమే.

బజారు సంగతి ముందు. స్టీల్ ప్లాంటుకి 1971లో శంకుస్థాపన అయ్యాక ఒడిశా, బెంగాల్, బిహార్, కేరళ నుంచి వచ్చినవాళ్లు ఉక్కునగరం క్వార్టర్లలో ఉన్నారు. రిటైరయ్యాక చాలామంది గేటు బయటే ఇళ్లు కట్టుకుని ఉండిపోయారు. తర్వాత ప్లాంటులో కాంట్రాక్టు పనులకి, పరవాడ ఫార్మాకి, అచ్యుతాపురం సెజ్‌కి వచ్చిన కుర్రాళ్లు. కొట్లు వాళ్లతోపాటే మారాయి. మా సందు చివర కిరాణా కొట్టాయనది శ్రీకాకుళం వైపు. ఆయన దగ్గర ఆవనూనె, సత్తుపిండి, కేరళ మట్ట బియ్యం ఎప్పుడూ ఉంటాయి. లెక్క ఒడియాలో చెప్తాడు, అప్పు మాత్రం తెలుగులోనే అడగాలి. గంగవరం నుంచి చేపల గంప తెచ్చే అప్ప మా గుమ్మంలో "ఏటమ్మా, నెత్తళ్లు గావాలా?" అని కేకేస్తుంది. పక్క వీధిలో బెంగాలీ ఇళ్లకి తలకాయలు ఇష్టమని వాటిని విడిగా దాచి తీసుకెళ్తుంది. వాళ్లకి సముద్రపు చేప కంటే శీలావతి, బొచ్చె అంటేనే ప్రాణం. అవి గాజువాకలో దొరుకుతాయి.

రైలు కూడా బయటివాళ్లకి కలిసొచ్చేదే. విశాఖ స్టేషన్లోకి వెళ్తే ఇంజను తిప్పుకోవాలి కాబట్టి కొన్ని దూరప్రాంత రైళ్లు ఆ స్టేషన్ మొహం చూడకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. సిటీవాళ్లు దీని మీద తిట్టుకుంటారు. మాకు మాత్రం ఆటో ఎక్కితే కాసేపట్లో దువ్వాడ స్టేషన్. అర్ధరాత్రి దిగితే ఆటోవాళ్లు చెప్పిందే రేటు, అది వేరే గోల.

ఆసుపత్రుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. జ్వరాలకీ, కాన్పులకీ గాజువాక సరిపోతుంది. పెద్ద జబ్బయితే సర్కారు పెద్దాసుపత్రి కేజీహెచ్, లేదా ఆరిలోవ హెల్త్ సిటీ. రెండూ దూరమే.

ఇక సర్కారు పనులు. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు మొదలయ్యాక చిన్న చిన్న సర్టిఫికెట్లకి జోనల్ ఆఫీసు చుట్టూ తిరిగే బాధ చాలావరకు తప్పింది. 2025 జనవరిలో వాట్సాప్‌లో 'మన మిత్ర' వచ్చాక కొన్ని పనులకి అక్కడికీ వెళ్లక్కర్లేదు. రేషన్ ఇంకా బాగుంది. కార్డు ఒడిశాదైనా ఇక్కడి డిపోలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. 2021లో వచ్చిన రేషన్ బళ్లు 2025 జూన్ 1 నుంచి ఆగిపోయి మళ్లీ డిపోలు తెరిచారు కాబట్టి, నెల మొదటి పదిహేను రోజుల్లో వీలు చూసుకుని వెళ్తే చాలు. ఇటుకలూ సిమెంటూ మోసి వేళ్లు అరిగిపోయినవాళ్లకి మిషన్ ముద్ర తీసుకోదు. అప్పుడు డీలరు ఓపిక మీద ఆధారపడాలి.

అసలు ముడి ఎక్కడుందో బస్సులో తెలిసింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి సిటీ బస్సుల్లో టికెట్ లేదు కదా. మా పక్కింటి ఒడియా ఆవిడ, నేను కలిసే ఎక్కాం. నాకు సున్నా టికెట్ కొట్టారు, ఆవిడ డబ్బులిచ్చింది. ఆంధ్రప్రదేశ్ వాసులకే ఉచితం, ఆవిడ ఆధార్‌లో గంజాం జిల్లా అడ్రస్ ఉంది. కండక్టరు తప్పేం లేదు. రూలు అదే. మరి అడ్రస్ మార్పించుకోవచ్చు కదా అంటే, రెంటు అగ్రిమెంటో గ్యాస్ బిల్లో, ఏదో ఒక కాగితం కావాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువమంది 5 కిలోల చిన్న సిలిండర్ మీదే నెట్టుకొస్తారు. దానికి అడ్రస్ ప్రూఫ్ అడగరు, కాబట్టి ప్రూఫ్‌గా అదీ పనికిరాదు. అగ్రిమెంటు అడిగితే ఓనరు "మనిషి మీద నమ్మకం లేదా అమ్మా" అంటాడు. ఆయన భయాలు ఆయనవి: ఇంటి పన్ను పెంచుతారేమో, ఇన్‌కంటాక్స్ వాళ్లు అడుగుతారేమో, రేపు ఖాళీ చేయమంటే చేయరేమో. నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ, నెల నెలా ఫోన్ పేలో అద్దె కడుతూ, కాగితం మీద మాత్రం ఎక్కడా లేనివాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

నాకు మింగుడుపడనిది ఏమిటంటే, ఈ ఓనర్లలో చాలామంది ప్లాంటుకి భూములిచ్చిన ఊళ్లవాళ్లు, భూమి పోయినందుకు ఇచ్చిన ఆర్ కార్డు (పునరావాస కార్డు) పట్టుకుని ప్లాంటులో ఉద్యోగం కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన ఇళ్ల పిల్లలు. ఒక్క కాగితం లేకపోతే మనిషి బతుకు ఎలా ఆగిపోతుందో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అలాగని చెడ్డవాళ్లు కారు. వినాయక చవితికి మా వీధి పందిట్లో ప్రసాదాల పని బిహార్ కుర్రాళ్లదే, లడ్డూ వేలంలో పాట కూడా పాడతారు. దసరాకి బెంగాలీల పూజకి మా ఓనరుగారి కుటుంబం వెళ్లి భోజనం చేసి వస్తుంది. ప్లాంటు ప్రైవేటీకరణ మాట వచ్చిన 2021 నుంచి కూర్మన్నపాలెం కూడలిలో ఏళ్ల తరబడి నడిచిన దీక్షా శిబిరంలో అన్ని భాషలవాళ్లూ కూర్చున్నారు. పందిట్లో పక్కన కూర్చోబెట్టుకునే మనుషులే, పదకొండు నెలల అగ్రిమెంటు దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోతారు.

నీళ్లు: కుళాయి నీళ్లు వాడకానికి, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను. బోరు ఉందో లేదో, మోటారు కరెంటు ఎవరి మీటరు మీద పడుతుందో ముందే అడగండి.

ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుల్ని తగ్గించాక టులెట్ బోర్డులు బాగా పెరిగాయి. మూడు నెలల అడ్వాన్సు అడిగేవాళ్లు ఇప్పుడు రెండుకి దిగుతున్నారు. బేరం ఆడాల్సింది అద్దె మీద కాదు. ఐదు వందలు ఎక్కువైనా ఇస్తామని, అగ్రిమెంటు మాత్రం స్టాంపు పేపరు మీద రాసివ్వాలని, అడ్వాన్సు చేతిలో పెట్టకముందే అడగండి. పెట్టాక అడిగితే ఇవ్వరు.