షెల్ స్క్రిప్ట్ ప్యాక్ కొనేముందు ఇది చదవండి, సర్వర్లో వేద్దామనుకునేవాళ్లు మరీ ముఖ్యంగా

లైనక్స్, మ్యాక్ టెర్మినల్‌లో లేని కమాండ్లన్నీ ఇస్తాం అంటూ ఒక షెల్ స్క్రిప్టుల (టెర్మినల్ కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైల్స్) ప్యాక్ 1,499 రూపాయలకి అమ్ముతున్నారు, డెవాప్స్ (సర్వర్లు నడిపే, వాటిలో సాఫ్ట్‌వేర్ పెట్టే పని) నేర్చుకుంటున్న పిల్లలున్న గ్రూపుల్లో ఆ లింక్ బాగా తిరుగుతోంది. నేను కొన్నాను, టెస్ట్ సర్వర్లో వేశాను, లోపలి ఫైల్స్ తెరిచి చదివాను. దయచేసి కొనకండి.

ముందు డబ్బుల సంగతి. వాళ్లు గొప్పగా చూపించే స్పాంజ్, టీఎస్, వైడిర్, క్రానిక్ అనే కమాండ్లన్నీ జోయీ హెస్ మొదలుపెట్టిన మోర్‌యుటిల్స్ అనే కమాండ్ల సెట్‌లో ఎప్పట్నుంచో ఫ్రీగానే ఉన్నాయి, ఉబుంటులో ఆప్ట్, మ్యాక్‌లో బ్రూ అనే ఇన్‌స్టాలర్లతో ఒక్క లైన్ కొడితే వచ్చేస్తాయి. జీపీఎల్ (వీటికున్న ఓపెన్ సోర్స్ లైసెన్స్) సాఫ్ట్‌వేర్ అమ్ముకోవడం తప్పేం కాదు, లైసెన్స్ ఒప్పుకుంటుంది, కానీ కాపీరైట్ నోటీసు పీకేయకూడదు. వీళ్లు వైడిర్ పెర్ల్ కోడ్ ఉన్నదున్నట్టు ఎత్తేసి పైన పేరు తీసేసి తమ పేరు పెట్టుకున్నారు. ఊరికే రాసిచ్చిన మనిషి పేరు చెరిపేసి అమ్ముకోవడం, నాకు డబ్బు పోయినదానికంటే ఇదే ఎక్కువ కోపం తెప్పించింది.

ఇక స్పాంజ్. ఒక ఫైల్‌ని సార్ట్ కమాండ్‌తో వరసలో పెట్టి రిజల్ట్‌ని అదే ఫైల్లోకి రీడైరెక్ట్ చేస్తే ఫైల్ ఖాళీ అయిపోతుంది కదా, సార్ట్ మొదలవకముందే షెల్ (కమాండ్లని నడిపే ప్రోగ్రామ్) దాన్ని తెరిచి తుడిచేస్తుంది కాబట్టి. స్పాంజ్ అయితే ఇన్‌పుట్ మొత్తం తీసుకున్నాకే రాస్తుంది. అసలుది సీ లాంగ్వేజ్‌లో రాసింది, పాత ఫైల్ పర్మిషన్లు అలాగే ఉంచుతుంది. ప్యాక్‌లోది చిన్న స్క్రిప్ట్, ఎమ్‌కేటెంప్‌తో టెంపరరీ ఫైల్ చేసి, క్యాట్‌తో అందులో నింపి, ఎమ్‌వీతో అసలు ఫైల్ మీదకి తోసేస్తుంది. ఎమ్‌కేటెంప్ ఇచ్చే ఫైల్ పర్మిషన్ 600, అంటే ఓనర్ తప్ప ఎవరూ చదవలేరు, దాంతో అందరూ చదవగలిగే 644 ఉన్న హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు కాస్తా 600 అయిపోయి బ్రౌజర్లో 403 (అనుమతి లేదు) ఎర్రర్ రావడం మొదలైంది. ఇంకా ఘోరం ఏంటంటే క్యాట్ ఫెయిలైందా అని చెక్కే లేదు, డిస్క్ నిండిందంటే సగం డేటా పోయి అసలు ఫైల్ స్థానంలో ఆ సగమే మిగులుతుంది. వేరియబుల్స్‌కి కోట్స్ లేవు, పేరులో స్పేస్ ఉన్న ఫైల్ ఇస్తే రెండు ముక్కలవుతుంది.

మ్యాక్‌లో పనిచేస్తుందన్నది కూడా అబద్ధమే, సగం స్క్రిప్టులు 2009లో బాష్ అనే షెల్ 4వ వెర్షన్‌తో వచ్చిన అసోసియేటివ్ ఎర్రేలు (పేర్లతో విలువలు దాచుకునే లిస్టులు) వాడతాయి, మ్యాక్‌తో వచ్చే బాష్ ఇంకా 3.2.

అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ మాత్రం అస్సలు రన్ చేయకండి. ఫోల్డర్ పేరు ఒక వేరియబుల్‌లో పెట్టి, దాని వెనక స్లాష్, స్టార్ తగిలించి ఆర్‌ఎమ్ మైనస్ ఆర్‌ఎఫ్ (అడక్కుండా అన్నీ డిలీట్ చేసే కమాండ్) కొడుతుంది, ఆ వేరియబుల్ ఖాళీగా ఉంటే అది మెషీన్లోని ఫైల్స్ అన్నీ తుడిచేసే కమాండ్ అయిపోతుంది, దాన్ని ఆపే లైన్ ఒక్కటి కూడా లేదు. సరిగ్గా ఇలాంటి లైన్ వల్లే 2015లో లైనక్స్‌లో స్టీమ్ (గేమ్స్ స్టోర్) క్లయింట్ కొంతమంది ఫైల్స్ మొత్తం తుడిచేసింది, అప్పట్నుంచి అందరికీ తెలిసిన విషయం ఇది. స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్‌లో పెడితే వెంటనే పట్టేస్తుంది, అమ్మేవాళ్లు ఆ ఫ్రీ టూల్ కూడా వాడలేదు.

ఇన్‌స్టాల్ అంటే కర్ల్ (నెట్ నుంచి ఫైల్ తెచ్చే కమాండ్) తెచ్చినదాన్ని నేరుగా సుడో బాష్‌కి, అంటే రూట్ (అడ్మిన్) హక్కులతో నడిచే బాష్‌కి, పైప్ చేయమంటారు, పైగా ఆటో అప్‌డేట్ పేరుతో రూట్ క్రాన్‌లో (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే పనుల లిస్ట్) రోజూ అదే పని జరిగేలా పెట్టేస్తుంది. ఈ రోజు మంచిగా ఉన్నా రేపు వాళ్ల సర్వర్ ఎవరైనా హ్యాక్ చేస్తే మీ మెషీన్ వాళ్ల చేతిలో. 2021లో కోడ్‌కవ్ (టెస్టులు కోడ్‌ని ఎంత కవర్ చేశాయో చూపే సర్వీస్) బాష్ అప్‌లోడర్‌ని ఎవరో మార్చేస్తే రెండు నెలల దాకా బయటపడలేదు, ఎంతో మంది సీఐ (కోడ్‌ని ఆటోమేటిగ్గా బిల్డ్, టెస్ట్ చేసే సిస్టమ్) సీక్రెట్స్, అంటే పాస్‌వర్డ్‌ల్లాంటివి, పోయాయి.

ఇప్పటికే వేసేసినవాళ్లు ముందు రూట్ క్రాన్‌టాబ్‌లో ఆ లైన్ తీసేయండి, తర్వాత బాష్‌ఆర్‌సీలో (బాష్ సెట్టింగ్స్ ఫైల్) పాత్ (కమాండ్లు వెతికే ఫోల్డర్ల లిస్ట్) ముందు చేర్చిన ఫోల్డర్ లైన్ తీసి, ఫోల్డర్‌ని చేత్తో డిలీట్ చేయండి. ప్యాక్ స్పాంజ్ తాకిన ఫైల్స్ పర్మిషన్లు, ఓనర్ చూసుకోండి, సుడోతో వాడి ఉంటే ఓనర్ రూట్ అయిపోయి ఉంటుంది. రిఫండ్ అడిగితే డిజిటల్ ప్రోడక్ట్‌కి ఇవ్వం అని ఒక్క ముక్క రాసి మెసేజ్‌లు చూడటం మానేశారు, కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టండి, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కూడా కంప్లయింట్ ఇవ్వొచ్చు, నేను ఇచ్చాను.