బీఎల్‌డీసీ ఫ్యాన్ కొంటున్నారా? పాత రెగ్యులేటర్ సంగతి ముందు తేల్చుకోండి

ఎండలు ముదిరాయి, ఫ్యాన్ల షాపులు కిటకిటలాడుతున్నాయి. బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం) ఫ్యాన్ కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఇది చదివి వెళ్లండి.

హాలుకీ పడగ్గదికీ రెండు తీసుకున్నాం. "పాత రెగ్యులేటర్ తీయక్కర్లేదండీ, దాని మీదే నడుస్తుంది, రిమోట్ అదనం" అన్నాడు షాపతను. బిగించడానికి మనిషినీ తనే పంపాడు. ఆ కుర్రాడు రెగ్యులేటర్ జోలికి పోకుండా వైర్లు కలిపేసి వెళ్లాడు. కొన్నాళ్లకే హాలు ఫ్యాన్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోవడం, మళ్లీ దానంతటదే మొదలవడం. చివరికి పూర్తిగా పడకేసింది. కంపెనీ మెకానిక్ వచ్చి ఫ్యాన్ కంటే ముందు స్విచ్‌బోర్డు చూశాడు. "రెగ్యులేటర్ ఉంది, వారంటీ రాదు" అన్నాడు. మాన్యువల్‌లో నిజంగానే చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉంది. ఫ్యాన్ లోపలి సర్క్యూట్ బోర్డు కొత్తది వేయడానికి అడిగింది ఫ్యాన్ ధరలో దాదాపు సగం. షాపుకు వెళ్తే "మేం అలా చెప్పనేలేదే" అన్నదొక్కటే జవాబు.

మెకానిక్ మీద నాకు కోపం లేదు, అతను చెప్పింది నిజమే. మామూలు ఫ్యాన్‌లో ఉండేది ఇండక్షన్ మోటార్. దానికి అందే వోల్టేజీ తగ్గితే వేగం తగ్గుతుంది, రెగ్యులేటర్ చేసేది అదే. స్టెప్పుల రకం లోపలి కెపాసిటర్లతో వోల్టేజీ తగ్గిస్తుంది. స్టెప్పులు లేకుండా నున్నగా తిరిగే డిమ్మర్ రకం, సెకనుకు 100 సార్లు కరెంటు అలలో కొంత భాగం కోసేస్తుంది. తక్కువ స్పీడులో పాత ఫ్యాన్లు గుయ్యిమనేది చాలావరకు అందుకే.

బీఎల్‌డీసీలో లెక్క వేరు. వచ్చిన ఏసీని లోపలి బోర్డు డీసీగా మార్చి, ఏ కాయిల్‌కు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో తనే చూసుకుంటుంది. బయట వోల్టేజీ తగ్గిస్తే, ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. డిమ్మర్ కోసిన అల అందితే ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. వేడెక్కి బోర్డు మీది భాగాలు పోతాయి. ఐదో నంబరులో పెట్టి వదిలేస్తే చాలంటారు కొందరు. సరే, అర్ధరాత్రి చలేసి ఎవరో తిప్పకుండా కాపలా ఎవరు కాస్తారు? రెగ్యులేటర్‌తో పనిచేసే బీఎల్‌డీసీ మోడళ్లూ ఉన్నాయి. కానీ ఆ మాట పెట్టె మీదో మాన్యువల్‌లోనో ఉండాలి, అమ్మేవాడి నోట్లో ఉంటే సరిపోదు.

ఇంకోటి. పాత ఫ్యాన్ నెమ్మదించిందని చెప్పగానే "మోటార్ పోయింది, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి" అన్నాడు అదే షాపతను. ఇవ్వలేదు, నయమైంది. మా వీధి ఎలక్ట్రీషియన్ 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ మార్చగానే బ్రహ్మాండంగా తిరుగుతోంది. చేత్తో తోస్తే గానీ తిరగని ఫ్యాన్‌కు కూడా చాలాసార్లు జబ్బు ఇదే. స్పీడు కోసమని 4 మైక్రోఫారడ్‌ది వేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, స్టార్టింగ్ కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. పాతది 75 వాట్ల దాకా లాగుతుంది, బీఎల్‌డీసీకి 30 చిల్లర చాలు. కరెంటు బిల్లు కోసం మార్చుకుంటే మార్చుకోండి, మోటార్ పోయిందన్న మాట నమ్మి కాదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. కొనబోయేవాళ్లు, రెగ్యులేటర్ ఉన్నా వారంటీ వర్తిస్తుందని బిల్లు మీద రాసివ్వమనండి. రాయనంటే దాన్ని తీయించి, వైరు నేరుగా స్విచ్‌కు కలిపించి, ఆ స్విచ్‌బోర్డు ఫొటో తీసి దాచుకోండి.